ఆదివారం సంతకి అందాలి

మేం నలుగురం, అరకు వైపు ఊళ్లవాళ్లం, వియత్నాం ప్రయాణానికి లెక్కలేసుకుంటున్నాం. మాలో ఒకరి వాటా ఇంట్లో కాఫీ పళ్లు అమ్మిన డబ్బు. ఒక్క టికెట్ వృథా అయినా ఇంట్లో చెప్పుకోలేం.

సైగాన్ నుంచి హనోయ్‌కి రైల్లో 1,726 కిలోమీటర్లు. ఒకే టికెట్ కొని నచ్చినచోట దిగుతూ పోదాం అనుకున్నాం. కుదరదు. ఏ బండికి కొంటే ఆ బండికే, మధ్యలో దిగితే అంతే సంగతులు. ముక్కలుగా కొనుక్కోవాలి. ఇక్కడే గొడవ. అన్నీ ఇప్పుడే కొనేద్దామని ఇద్దరం, అక్కడే చూసుకుందామని ఇద్దరం.

చివరికి బాక్ హా సంత తేల్చింది. హ్మాంగ్ వాళ్లు కొండలు దిగొచ్చే ఆ పెద్ద సంత ఆదివారమే. మన సంతల్లాగే, తప్పితే మళ్లీ వారమే. అందుకని హనోయ్ నుంచి లావోకాయ్‌కి శనివారం రాత్రి బండి, దానికి ముందు హ్యూ నుంచి హనోయ్ బెర్తులు మాత్రం ఇప్పుడే కొంటున్నాం. తెల్లారి లావోకాయ్‌లో దిగి బస్సెక్కాలి.

ద నాంగ్ నుంచి హ్యూకి కొన్ని గంటలే, సీట్లు అక్కడే చూసుకుంటాం. పగటి బండే ఎక్కాలి, హాయ్ వాన్ కనుమ దగ్గర కింద సముద్రం కనిపిస్తుంది. టెట్ పండక్కి మాత్రం ఈ ధైర్యం పనికిరాదు, సంక్రాంతి బళ్లలాగే కిక్కిరిసిపోతాయి.

ద నాంగ్‌లో ఎన్ని రోజులన్నది ఇంకా తేలలేదు. సముద్రం వైజాగ్‌లోనూ ఉందిగా అని మాలో ఒకరి గోల.