గొట్టం మైకు, మూడు నిమిషాల ఫైలు

మార్చి 30, 2025. ఉగాది

ఇంట్లో అందరూ భోజనాలు చేసి పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ తీశాను. క్వార్టర్స్ గోడలు పల్చన. సాయంత్రం కిందింటి పిన్నిగారు మెట్ల దగ్గర ఆపారు: "ఏటి బాబూ, కరెంటు గిటారు వాయిస్తావంటారు, టిక్కుటిక్కుమని తప్ప ఏటీ ఇనపడదు?" ఆవిడకి వినబడింది ఉత్త తీగల చప్పుడు. నాకు చెవుల్లో పెద్ద మార్షల్ ఆంప్ హోరెత్తుతోంది. ఆ ఆంప్‌ని జన్మలో కళ్లతో చూడలేదు.

ఏప్రిల్ 2

విశాఖలో పాట కడుతున్న మిత్రుడు ట్రాక్ పంపాడు. చరణాల మధ్య గిటార్ కావాలట. "ఆంప్ ఏది వాడతావో నీ ఇష్టం" అన్నాడు. ఇష్టం అంటే ఇప్పుడు అదొక సంత. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ నిండా ప్రొఫైళ్లు, అంటే ఒక్కో ఆంప్ స్వభావాన్ని పట్టిన ఫైళ్లు. ఫెండర్, వాక్స్, మీసా, అన్నీ ఎవరో పుణ్యాత్ములు తీసి ఉచితంగా పెట్టినవే.

దీనికి దారి తీసినవాడు జర్మనీలో క్రిస్టోఫ్ కెంపర్. అంతకుముందు ఆక్సెస్ వైరస్ అనే సింథసైజర్ చేశాడు. 2011లో ప్రొఫైలర్ అని ఒక పెట్టె చూపించాడు. అది ఆంప్‌లోకి ఈలలూ కూతలూ బుస్సుమనే చప్పుళ్లూ పంపి, ఎదురుగా పెట్టిన మైకు ఏం విన్నదో చూసి, ఆ ఆంప్ స్వభావాన్ని లెక్కగట్టుకుంటుంది. తర్వాత ఫిన్లండ్ నుంచి క్వాడ్ కార్టెక్స్, ఇటలీ వాళ్ల టోనెక్స్. వాటి ధరలు మన చూపులకి మాత్రమే. నాలాంటివాడి చేతికి అందింది స్టీవెన్ అట్కిన్సన్ రాసిన న్యూరల్ ఆంప్ మోడలర్. అందరూ నామ్ అంటారు. పైసా ఖర్చు లేదు, కోడ్ కూడా తెరిచే ఉంది.

ఏప్రిల్ 3

ప్రొఫైల్ అంటే ఫొటో. ఆ క్షణాన గెయిన్ ఎక్కడుందో, ట్రెబుల్ ఎక్కడుందో అదే పడుతుంది. తర్వాత నేను బొత్తాలు ఎంత తిప్పినా అది ఫొటోకి రంగులు దిద్దడమే. రెండేళ్ల క్రితం కెంపర్ వాళ్లు లిక్విడ్ ప్రొఫైలింగ్ అని తెచ్చి, అసలు ఆంప్ బొత్తాల తీరు కూడా కలిపారు. నామ్‌లో మాత్రం సాధారణంగా ఒక ఫైలుకి ఒక సెట్టింగే.

ఒక్కొక్కటీ వింటూ పోయాను. అన్నీ బాగున్నాయి, అదే చిక్కు. ఎవరి ఇంట్లో రికార్డు చేసినా లండన్ స్టూడియో వాసనే.

ఏప్రిల్ 6. శ్రీరామ నవమి

పందిరి దగ్గర పానకం. ఈసారి డీజే బాక్సులు పెట్టారు, గుండెలు అదిరాయి. గుడి వెనక వేపచెట్టుకి మాత్రం ఎవరో రెండు గొట్టం మైకులు కట్టి ఉంచారు, పంతులుగారి మంత్రాలు అందులోంచి. ఆ గొట్టంలోంచి వస్తే మనిషి గొంతైనా సన్నాయైనా ఒకేలా మారిపోతుంది. కింది స్వరాలు ఉండవు, పైన మెరుపు ఉండదు, మధ్యలో ముక్కుతో పలికినట్టు ఒక గట్టి అరుపు. వాల్యూం హద్దు దాటితే ఆ అరుపుకి అంచులు చిరుగుతాయి.

గిటార్ వాళ్లు వేలకు వేలు పోసి ట్యూబ్ స్క్రీమర్ పెడల్ కొనేది ఈ మధ్య భాగం కోసమే కదా! అది కూడా కింది స్వరాలు తగ్గించి, ఏడెనిమిది వందల హెర్ట్జ్ చుట్టుపక్కల మూపురం లేపుతుంది.

ఈ గొట్టాన్నే ప్రొఫైల్ తీస్తే? పార్వతీపురం బావకి ఫోన్ చేశాను. ఆయనది సౌండ్ సర్వీసు. పాత అహూజా ఆంప్లిఫయరు, గొట్టం మైకులు షెడ్డులో ఉన్నాయా అని అడిగితే, "ఉన్నాయి, పాత ఇనప సామానోడు కూడా అడుగుతున్నాడు, నువ్వు నయం" అన్నాడు.

ఏప్రిల్ 9

హమ్. సింగిల్ కాయిల్ పికప్ గిటార్ ఎత్తుకుంటే చాలు, లైన్ కరెంటు 50 హెర్ట్జ్ కొసరుతో సహా వచ్చి కూచుంటుంది. గెయిన్ ఉన్న ప్రొఫైల్ వేస్తే పాటకన్నా ముందు అదే పాడుతుంది. ఫ్యాను రెగ్యులేటరు కట్టేశాను, ఎల్‌ఈడీ బల్బు తీశాను, కుర్చీ తిప్పుకుంటూ పోతే కిటికీకి వీపు పెట్టిన ఒక మూల చాలా తగ్గింది. ఇకనుంచి సోలోలన్నీ బీరువా వైపు చూస్తూనే. ఫ్యాను లేకుండా మా జేకేపూర్ ఏప్రిల్లో గిటార్ వాయించడం ఏమిటో వాయించినవాడికే తెలుస్తుంది. తీగలకి చెమట అంటి మూడో రోజుకే తుప్పు వాసన.

ఏప్రిల్ 13

పార్వతీపురం, బావ వాళ్ల మామిడి తోట. ఇంట్లో పెడితే గోడల ప్రతిధ్వని కూడా ఫైల్లోకి వస్తుంది, నామ్‌కి దాన్ని నేర్చుకునే శక్తి లేదు. తోటలో గోడల్లేవు.

బావ కారు బ్యాటరీ తెచ్చాడు. ఈ ఆంప్లిఫయర్లు 12 వోల్టుల మీద కూడా నడుస్తాయి, ఊరేగింపు రిక్షాల కోసం చేసిన ఏర్పాటు. నా ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద, ఆడియో ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్ మీద. ఎక్కడా లైన్ కరెంటు లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బ్యాటరీ మహిమ తెలిసింది: హమ్ సున్నా. ఏ పెద్ద స్టూడియోకైనా ఇంత మౌనం ఉండదేమో అనుకున్నాను, పక్క తోటలో కోడి కూసేదాకా.

ఆంప్లిఫయరు మైకు ఇన్‌పుట్‌లోకి ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ బాగా తగ్గించి పంపాను. ఆ ఇన్‌పుట్ చాలా సున్నితం, మైకులోంచి వచ్చే కొద్దిపాటి సిగ్నల్ కోసం చేసినది. వాల్యూం బొత్తాం మీద అంకెలు చెరిగిపోయాయి. బావ చెవితోనే తిప్పాడు: "ఇక్కడిదాకా మంచి మాట. ఇక్కడ్నించి తగువు." తగువు మొదలయ్యే చోటే ఆపమన్నాను. గొట్టానికి మూరెడు దూరంలో ఎస్‌ఎం 57 మైకు, నోటికి నేరుగా కాకుండా కాస్త పక్కకి.

నామ్ వాళ్లిచ్చే పరీక్ష ఫైలు సుమారు మూడు నిమిషాలు. అందులో టిక్కులు, కూతలు, బరబర చప్పుళ్లు, రకరకాల గిటార్ ముక్కలు. గొట్టంలోంచి అది తోటంతా మోగింది. గట్టు మీద పోతున్న ముసలాయన ఆగి, పూర్తిగా విని, "ఎలక్షన్లా?" అని అడిగి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 14

రాత్రి డ్యూటీ దిగి వచ్చి గూగుల్ కొలాబ్‌లో ట్రైనింగ్ పెట్టాను. పంపిన శబ్దం ఒకటి, తిరిగొచ్చిన శబ్దం ఒకటి, రెండూ ఎక్కిస్తే మధ్యలో ఏం జరిగిందో అది నేర్చుకుంటుంది, వంద విడతలు. చివర్న ఈఎస్‌ఆర్ అని ఒక అంకె, తప్పు ఎంతుందో చెప్పేది. 0.01 కన్నా తగ్గితే బాగా కుదిరినట్టు లెక్క. నాది అంతకన్నా పైనే ఉంది. గాలి, ఆకులు, కోడి. పంపిన ఫైల్లో లేనివాటిని అది నేర్చుకోలేదు, తప్పుల్లో రాసుకుంటుంది. అంకె చూసి నిరుత్సాహపడేవాడు గిటార్ పెట్టి ఒకసారి వినాలి. శ్రీరామ నవమి పందిట్లో గిటార్ పాడితే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది.

ఏప్రిల్ 17

కొరాపుట్ వైపు ఢెంసా ఆడేటప్పుడు ఊదే మొహురి విన్నాను. అదీ ఆ గొట్టం మైకు కుటుంబమే: ముక్కు గొంతు, మధ్య స్వరాల గట్టితనం, ఎంత డోలు మధ్యనైనా చీల్చుకుని వచ్చే గుణం. ఆరుబయట పనికొచ్చే వాద్యాలన్నిటికీ ఇది అవసరం. మిక్స్‌లో గిటార్‌కి కావలసిందీ ఇదే. అక్కడా డోళ్లుంటాయి, ఇంకా బేసు కూడా.

ఏప్రిల్ 19

సోలో అయింది. మోహనంలో నాలుగు వరసలు. క్లీన్ టోన్‌లో గాంధారం మీద తీగ లాగుతుంటే సగంలోనే చచ్చిపోయేది. గొట్టం ప్రొఫైల్‌లో స్వరం నిలబడుతోంది, లాగి ఊపి దించేదాకా ఓపిక పడుతోంది. కానీ అక్కడే ఇంకో సంగతి. తీగ లాగడంలో పిసరంత శ్రుతి తప్పినా డిస్టార్షన్ దాన్ని దండోరా వేస్తుంది. పాలకొల్లు శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించడం చిన్నప్పుడు టీవీలో చూశాను. ఆయన ఆంప్‌ని ఎవరైనా ప్రొఫైల్ తీసి ఉన్నా నాకు ఉపయోగపడేది ఎంతో నాకు తెలుసు. ఇవాళ రెండు గంటలు డ్రోన్ పెట్టుకుని గాంధారం ఒక్కటే సాధన.

ఏప్రిల్ 21

మిత్రుడికి నచ్చింది. "ఇదేం ఆంప్?" అని అడిగాడు. చెప్పాను. నమ్మలేదు, ఫొటో పంపమన్నాడు.

బావకి కూడా వాట్సాప్‌లో పాట పంపాను. రెండుసార్లు విన్నాట్ట. "మొత్తం సెట్టూ ఆ ఫైల్లోకి ఎక్కేసిందా? ఎంతుంటుంది?" ఒక ఎంబీ కూడా ఉండదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరైతే దానికి రోజుకి అద్దె ఎంత చెప్పమంటావు?"