తీగ కలిసినా కలవని బొమ్మ

మా ఇంట్లో 1994 నాటి వీడియో గేము యంత్రం ఒకటి ఇప్పటికీ పనిచేసే స్థితిలో ఉంది. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’కు అది అనుకరణ. ఆ దశకంలో మన మధ్యతరగతి ఇళ్ళలోకి ‘టి.వి. గేము’ అన్న పేరుతో ప్రవేశించినవి చాలావరకు ఇటువంటి అనుకరణలే. క్యాసెట్టు అట్ట మీద 9999 ఆటలున్నాయని అచ్చువేసి ఉండేది. విప్పి చూస్తే పదో పన్నెండో తేలేవి, మిగిలినవన్నీ వాటికే మారుపేర్లు.

ఆ యంత్రం మీద మా చెల్లెలు సాధించిన నైపుణ్యం బంధువర్గంలో ప్రసిద్ధం. ఆడపిల్లకు ఈ ఆటలేమిటని పెద్దలు విసుక్కుంటున్నా, వేసవి సెలవులలో వీధి పిల్లలందరూ ఆమె మేరియో ఆట చూడడానికి మా ముందుగదిలో చేరేవారు. గత వేసవిలో ఆమె కుమార్తె నన్ను, “అమ్మ ఆట ఒక్కసారి చూడాలని ఉంది మామయ్యా, పెట్టించవూ?” అని అడిగింది. కోరిక చిన్నదే. తీర్చడానికి నాలుగు నెలలు పట్టింది.

మొదటి చిక్కు తీగలది. యంత్రం వెనుక రెండు సాకెట్లున్నాయి: పసుపుపచ్చది బొమ్మకు, తెల్లది ధ్వనికి. ఇప్పటి మా టి.వి.కి అవి లేవు. హెచ్.డి.ఎం.ఐ. సాకెట్లు మూడు, వాటి పక్కన ఇయర్‌ఫోను పెట్టుకొనేటంత చిన్న గుండ్రని సాకెట్టు ఒకటి. ఆ చిన్నదానిలో పెట్టే పిన్నుకు నాలుగు భాగాలుంటాయి. ఏది బొమ్మది, ఏది ధ్వనిది, ఏది ఎర్తు అన్న క్రమం అన్ని తీగలలోనూ ఒకటి కాదు. చూపునకు భేదం లేని రెండు తీగలలో ఒకటి బొమ్మనిస్తుంది, మరొకటి గుర్రుమని మ్రోగి ఊరుకుంటుంది. కోఠిలోని గుజరాతీ గల్లీలో మూడు రకాలు కొన్నాను. పాత సంకేతాన్ని హెచ్.డి.ఎం.ఐ.గా మార్చే చిన్న పెట్టెలు కూడా అక్కడ దొరుకుతాయి. దానికి ఎదురు దిశలో మార్చే పెట్టె కూడా అచ్చం అలాగే ఉంటుంది. “రెండూ ఒకటేనండీ సార్” అన్నాడు దుకాణదారు. కావు.

ఎట్టకేలకు బొమ్మ వచ్చింది. మేరియో కాస్త లావెక్కి కనిపించాడు. నాలుగుకు మూడు పాళ్ళలో ఉండవలసిన బొమ్మ పదహారుకు తొమ్మిదిగా సాగింది. ఆ దోషాన్ని టి.వి. అమరికలలోనే సవరించవచ్చు. సవరణకు లొంగనిది మరొకటి ఉంది. దెబ్బతిన్న మేరియో క్షణకాలం మిణుకుమిణుకుమనాలి. ఈ తెర మీద అతడు చారలు చారలుగా చీలిపోయాడు.

కారణం విచారించగా ఆసక్తికరమైన సంగతి బయటపడింది. నాటి దూరదర్శన్ ప్రసారంలో ఒక నిండు బొమ్మకు 625 గీతలు. వాటిని రెండు వాయిదాలలో, మూడువందల పన్నెండున్నర చొప్పున పంపేవారు. ఆ అరగీత మూలంగానే రెండవ వాయిదా గీతలు మొదటివాటి సందులలో పడేవి. ఆట యంత్రం ఆ అరగీతను వదిలి 312 గీతలే పంపుతుంది. అందువల్ల ప్రతిసారీ గీతలు ఉన్నచోటనే పడతాయి. సెకనుకు 50 విడివిడి బొమ్మలు వస్తాయి. పిక్చర్ ట్యూబుకు ఈ భేదంతో నిమిత్తం లేదు, వచ్చిన గీతను వచ్చినట్టు గీసేది. నేటి టి.వి. చాలా సందర్భాలలో దీనిని ప్రసార సంకేతమేనని భ్రమించి, వేర్వేరు బొమ్మలను రెండేసి కలిపి అల్లబూనుతుంది. ఈ అల్లికకు కొంత వ్యవధి కావాలి, బొమ్మను తెర కొలతకు పెంచడానికి మరికొంత. సెకనులో పదో వంతు ఆలస్యమంటే వార్తలు చూసేవారికి తెలియనే తెలియదు. గోతి అంచున ఎగరవలసినవాడికి మాత్రం అది ఐదు బొమ్మల దూరం.

ఆ రోజు మా చెల్లెలు మూడుసార్లు గోతిలో పడింది. “చేతులు మొద్దుబారాయి అన్నయ్యా” అని నవ్వేసింది. కూతురు మర్యాదకు ఏమీ అనలేదు. ఇన్నేళ్ళుగా విన్నవన్నీ కథలేనని ఆ పిల్ల ముఖంలో కనబడింది. ఆ మౌనమే నన్ను కదిలించింది. ఒక మనిషి విద్యను ఒక తెర అబద్ధం చేయడమేమిటి? ‘గేమ్ మోడ్’ పెట్టి చూశాను. ఆలస్యం తగ్గింది కాని పోలేదు. రెట్రోటింక్ వంటి విదేశీ పరికరాలు ఈ పాత సంకేతాన్ని సరిగా గుర్తించి మార్చగలవు. వాటి వెలకు ఇటువంటి యంత్రాలు ఎన్నో వస్తాయి.

చివరకు ఒక పాత మెకానిక్కు దగ్గర 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టి.వి. దొరికింది. దాని మీద మా చెల్లెలు మొదటి లోకం నాలుగు అంచెలూ ఒక్క ప్రాణంతో దాటింది. తరువాత మేనకోడలు తుపాకి అందుకొంది. 1984 నాటి ‘డక్ హంట్’ ఆట తుపాకి కొత్త టి.వి.ల మీద బొత్తిగా పనిచేయదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ మెరుపును వెంటనే చూడాలి. ఆలస్యంగా మెరిసే తెరకు అది గుడ్డిది.

న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2012లో 14 వీడియో గేములను తన సేకరణలో చేర్చుకొంది. మన దేశంలో 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడడంతో సినిమా రీలు భద్రపరచదగిన వస్తువన్న గుర్తింపు పొందింది. ఈ ఆటల క్యాసెట్లను కూడా ఏనాడైనా మన సంస్థలు చేరదీస్తే, ఆ జాబితాలో పిక్చర్ ట్యూబు టి.వి.ని, దానిని బాగుచేయగల మనిషిని కూడా చేర్చాలని నా మనవి. ప్రస్తుతం అటువంటి టి.వి.లు తూకానికి పోతున్నాయి.

మా సెట్టు ఇద్దరు మోస్తే గాని కదలదు. మెకానిక్కు దానిని అప్పగిస్తూ, “ఎల్.ఓ.టి. పోతే మళ్ళీ దొరకదండీ, ఇంకో సెట్టు కనబడితే కొని పెట్టుకోండి” అన్నాడు. వెతుకుతున్నాను.