పుట్టిన నేల - పాలించే అర్హత

పుట్టే చోటును ఎవరూ ఎంచుకోలేరు. జీవించడానికి, శ్రమించడానికి, అవసరమైతే ప్రాణాలు అర్పించడానికి సిద్ధపడే దేశాన్ని మాత్రం మనిషి తనంత తానుగా ఎంచుకోగలడు. ఈ రెండింటిలో దేశభక్తికి గీటురాయి ఏది? అమెరికా అధ్యక్ష పదవి విషయంలో రెండు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్న ప్రశ్న ఇది.

అమెరికా రాజ్యాంగం 1787లో రూపొందింది. దాని రెండవ అధికరణం ప్రకారం అధ్యక్షుడు కాగోరే వ్యక్తికి 35 సంవత్సరాల వయస్సు నిండాలి. 14 సంవత్సరాలు ఆ దేశంలో నివసించి ఉండాలి. అన్నింటినీ మించి 'జన్మతః పౌరుడు' అయి ఉండాలి. 1804లో ఆమోదం పొందిన పన్నెండవ సవరణ ఉపాధ్యక్షునికి సైతం ఈ అర్హతలనే వర్తింపజేసింది.

ఈ నిబంధన వెనుక ద్వేషం కంటె భయమే ఎక్కువ. అప్పుడే స్వాతంత్ర్యం సంపాదించుకొన్న చిన్న దేశమది. యూరపు రాజవంశాల కుటిలనీతి దానికి తెలియనిది కాదు. 1764లో పోలండులో రష్యా అండదండలతో ఒక రాజు ఎన్నికయ్యాడు. 1772 నాటికి పొరుగు రాజ్యాలు పోలండు భూభాగాన్ని పంచుకోవడం మొదలుపెట్టాయి. సేనాధిపత్యం జన్మతః పౌరుడైన వానికి తప్ప మరొకరికి దక్కరాదని జాన్ జే 1787 జూలైలో జార్జి వాషింగ్టనుకు లేఖ రాశాడు. అయితే రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి పౌరులుగా ఉన్నవారికి మినహాయింపు లభించింది. కరీబియన్ దీవి నేవిస్‌లో పుట్టిన అలెగ్జాండర్ హామిల్టన్ వంటి వారికి ఆ మినహాయింపు వర్తించింది.

విదేశంలో పుట్టిన పౌరులందరూ అనర్హులే అనుకోవడం సరికాదు. 2008లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా పోటీ చేసిన జాన్ మెకెయిన్ 1936లో పనామా కాలువ ప్రాంతంలో జన్మించాడు. తల్లిదండ్రులు అమెరికా పౌరులు కావడంతో ఆయన అర్హుడేనని ఆ దేశపు సెనేటు తీర్మానించింది. పుట్టుకతోనే పౌరసత్వం పొందినవారు అర్హులన్నది బలంగా ఉన్న అభిప్రాయం. కనుక అడ్డుగోడ నిలిచింది పుట్టిన తరువాత పౌరసత్వం స్వీకరించిన వారి ముందు మాత్రమే.

ఆ గోడ ఎవరెవరిని ఆపుతున్నదో గమనిస్తే సమస్య లోతు తెలుస్తుంది. జర్మనీలో పుట్టిన హెన్రీ కిసింజర్, ప్రేగ్ నగరంలో పుట్టిన మెడలిన్ ఆల్‌బ్రైట్ అమెరికా విదేశాంగ మంత్రులుగా ప్రపంచ రాజకీయాలను నడిపించారు. అధ్యక్ష పదవి ఖాళీ అయితే ఆ బాధ్యత వహించవలసిన వారి వరుసలో విదేశాంగ మంత్రి ఉంటాడు. వీరిద్దరికి మాత్రం ఆ అవకాశం లేకపోయింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 2003 నుండి 2011 వరకు కాలిఫోర్నియా గవర్నరుగా పనిచేశాడు. పంజాబులో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. హైదరాబాదులో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన తెలుగు ఆడపడుచు అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు. ఇన్ని మెట్లు ఎక్కనిచ్చిన వ్యవస్థ చివరి మెట్టు దగ్గర తలుపు మూసివేస్తున్నది.

మరింత ఆలోచింపజేసేది దత్తత బిడ్డల స్థితి. నెలల వయస్సులో పరదేశం నుండి అమెరికా తల్లిదండ్రుల ఒడి చేరిన పసిబిడ్డకు ఆ దేశం తప్ప మరొక దేశం తెలియదు. 2000 సంవత్సరంలో చేసిన చట్టం అటువంటి పిల్లలకు పౌరసత్వాన్ని సులభం చేసింది. అయినా అది పుట్టుకతో వచ్చినది కాదు కనుక అత్యున్నత పదవికి దారి తెరుచుకోలేదు.

ఎదుటి పక్షం వాదన కూడా కొట్టిపారవేయదగినది కాదు. అధ్యక్షుడు సర్వసేనాధిపతి. అణ్వాయుధాల ప్రయోగంపై తుది నిర్ణయం అతనిదే. అటువంటి వ్యక్తి మనస్సులో రెండు దేశాల మమకారం పెనుగులాడితే ఫలితం జాతి మొత్తం అనుభవించవలసి వస్తుంది. మహాభారతం ఆదిపర్వంలోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం ఇక్కడ గుర్తుకు వస్తుంది. కర్ణుని పరాక్రమాన్ని చూసిన తరువాత కూడా కృపాచార్యుడు అతని వంశమేదని అడిగాడు. కర్ణుడు తల వంచుకొన్నాడు. ప్రతిభను కాదని పుట్టుకను ప్రశ్నించడం అన్యాయమని చదువరి హృదయం ఆక్రోశిస్తుంది. కాని కథ అక్కడితో ఆగదు. అంగరాజ్యమిచ్చిన దుర్యోధనునికి కర్ణుడు జీవితాంతం కట్టుబడిపోయాడు. పదవి పొందినవాడు ఎవరికి ఋణపడి ఉంటాడన్న ప్రశ్న, జాన్ జే భయం, రెండూ ఒకటే. అయితే కర్ణుణ్ణి బంధించినది అతని పుట్టుక కాదు, పొందిన ఉపకారం. అటువంటి ఋణం స్వదేశంలో పుట్టినవాణ్ణి సైతం బంధించగలదు. పుట్టుకను పరీక్షించినంత మాత్రాన ఆ ప్రమాదం తొలగిపోదు.

మన రాజ్యాంగ నిర్మాతలు వేరొక మార్గం అనుసరించారు. 58వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పదవికి పోటీ చేసే వ్యక్తి భారత పౌరుడై, 35 సంవత్సరాలు నిండి, లోక్‌సభ సభ్యత్వానికి అర్హుడై ఉండాలి. జన్మతః పౌరుడు కావాలన్న నియమం లేదు. విదేశంలో పుట్టినవారు ప్రధానమంత్రి కావచ్చునా అని 1999లోను, 2004లోను మన దేశంలో తీవ్రమైన చర్చ సాగింది. అయినా రాజ్యాంగం మారలేదు. అర్హుని ఎంచుకొనే బాధ్యత ప్రజల చేతుల్లోను, వారి ప్రతినిధుల చేతుల్లోను నిలిచి ఉంది.

అమెరికాలోనూ మధ్యేమార్గం వెదికే ప్రయత్నం జరిగింది. 20 సంవత్సరాలు పౌరులుగా ఉన్నవారికి అధ్యక్ష పదవికి అర్హత కల్పించాలని 2003లో సెనేటర్ ఆరిన్ హ్యాచ్ రాజ్యాంగ సవరణను ప్రతిపాదించాడు. కాని సవరణ నెగ్గాలంటే ఉభయ సభలలో మూడింట రెండు వంతుల మద్దతు, 50 రాష్ట్రాలలో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. ఆ ప్రతిపాదన అంత దూరం సాగలేదు.

భయం కాలానుగుణమైనది; న్యాయం కాలాతీతమైనది. పసికందుగా ఉన్న దేశానికి కంచె అవసరమై ఉండవచ్చు. మహావృక్షమైన తరువాత కూడా ఆ కంచె ఉండాలా అని ప్రశ్నించుకోవడం వివేకం. దీర్ఘకాల పౌరసత్వం, నిష్కళంకమైన సేవ, బహిరంగ చర్చ, స్వేచ్ఛాయుతమైన ఎన్నిక అనే నాలుగు పరీక్షలలో నెగ్గిన వ్యక్తిని పుట్టిన ఊరు అడ్డుపెట్టి నిరాకరించడం ఓటరు విజ్ఞతను శంకించడమే అవుతుంది. తన నాయకుణ్ణి తానే తూచుకోగల శక్తి ప్రజలకు ఉన్నదన్న నమ్మకం మీదనే ప్రజాస్వామ్య సౌధం నిలిచి ఉన్నది.