భీమిలి రోడ్డు మీద స్లో మోషన్!

‘మరో చరిత్ర’ చూసినవాళ్ళకి విశాఖ సముద్రాన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 1978లో బాలచందర్ కమల్‌హాసన్‌నీ, సరితనీ విశాఖ, భీమిలి తీరాలమ్మట తిప్పి, బ్లాక్ అండ్ వైట్‌లోనే కళ్ళు చెదిరే అందం చూపించారు. ఆ తర్వాత విశాఖ వచ్చిన కుర్రకారంతా భీమిలి రోడ్డెక్కాల్సిందే! కారులోనో, మోటార్ సైకిల్ మీదో రివ్వున పోవడం, నాలుగు ఫోటోలు, రెండు ప్లేట్ల బజ్జీలు, రివ్వున తిరిగి రావడం. రోడ్డెలా వుందంటే “అబ్బో!” అంటారు. ఏం చూశారో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు.

ఆ రోడ్డుని చూడ్డానికి మంచి వాహనం ఒకటుంది. పెట్రోలు అక్కర్లేదు, పార్కింగ్ గొడవ లేదు. మన కాళ్ళే! పరుగులో చూడాలి. అయితే విలన్‌ని తరిమే హీరో పరుగు కాదు సుమండీ. నెమ్మదిగా, తీరిగ్గా, పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ సాగే పరుగు. ఆ నెమ్మదిలో ఓ రహస్యం వుంది. అది ముక్కనుమ నాటి తెల్లవారుజామున నా మిత్రుడొకడికి బోధపడింది.

అత్తవారింట్లో అల్లుడి పరుగు

మిత్రుడు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. వయసు ముప్ఫై ఆరు. సంక్రాంతికి భార్యాపిల్లలతో విశాఖలో అత్తవారింటికి వచ్చాడు. ఇల్లు లాసన్స్ బే దగ్గర. ఇంకా ఆరు వారాల్లో మారథాన్ వుంది. అంటే 42.195 కిలోమీటర్లు! పోయినేడాది ఓసారి పరిగెత్తాడు. గుంపు హుషారులో మొదటి పది కిలోమీటర్లూ దూసుకుపోయాడు. ముప్ఫై దాటాక కాళ్ళు మొరాయించాయి. మిగతాదంతా నడకే. గమ్యం దగ్గర భార్య ఇద్దరు పిల్లల్నీ పట్టుకుని గంటన్నర నిలబడింది. ఇతగాడు చేరేసరికి బ్యానర్లు విప్పేస్తున్నారు. “నాన్నా, నువ్వు ఓడిపోయావా?” అనడిగాడట చిన్నవాడు.

ఆ మాట వీడి గుండెల్లో గుచ్చుకుంది. “ఒరేయ్, ఈసారీ అంతే అయితే బూట్లు అటకెక్కిస్తానురా!” అన్నాడు నాతో. అందుకే పండగైనా సరే పాతిక కిలోమీటర్ల పరుగు మానడానికి వీల్లేదని పట్టు పట్టాడు.

పండగపూట అల్లుడు పరిగెత్తుతానంటే అత్తగారు వూరుకుంటుందా? “భోగినాడు తలంటుకోవాలి బాబూ” అంది. సంక్రాంతినాడు అరిసెల పళ్ళెం ముందు పెట్టింది. కనుమనాడు బూట్లు వేసుకోబోతుంటే, “కనుమనాడు కాకైనా కదలదంటారు, మీరెక్కడికి బాబూ?” అని గారెలు వడ్డించింది. ఇక మిగిలింది ముక్కనుమే. “మేమేం తక్కువ చేశామని పారిపోతున్నారో!” అని ఆవిడ నిట్టూరుస్తుంటే, అతని భార్య ఉపాయం చెప్పింది: “మీరు పరిగెత్తి భీమిలి రండి. మేం కారులో టిఫిను తీసుకుని వస్తాం. పిల్లలు సముద్రం చూసినట్టూ వుంటుంది, అమ్మకి మీరు కళ్ళెదుట వున్నట్టూ వుంటుంది.” సెలవుల్లో పరిగెత్తేవాళ్ళందరూ రాసిపెట్టుకోవలసిన మాట ఇది. ఇంటివాళ్ళని వదిలేసి పరిగెత్తకండి. వాళ్ళుండే చోటికి పరిగెత్తండి!

సినిమా కథ పరీక్ష

తెల్లవారుజాము అయిదు. చీకటింకా వీడలేదు. మేమిద్దరం పరుగు మొదలుపెట్టాం. బావమరిది మోటార్ సైకిల్ మీద నీళ్ళ సీసాలతో ముందు పోయి, నాలుగైదు కిలోమీటర్లకోచోట ఆగి వుంటానన్నాడు.

వంద గజాలు పోయామో లేదో మిత్రుడికి పూనకం వచ్చింది. చల్లగాలి, ఖాళీ రోడ్డు, కాళ్ళలో పండగ తిండి! నేను పక్కకి వెళ్ళి, “ఒరేయ్, ‘మరో చరిత్ర’ కథ చెప్పరా” అన్నాను.

“హీరో... తమిళ... అమ్మాయి... తెలుగు...”

“అలాక్కాదు. పూర్తి వాక్యాల్లో చెప్పు.”

చెప్పలేకపోయాడు. వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. అప్పుడొచ్చింది వాక్యం: “పక్కపక్క ఇళ్ళల్లో వుండే ఓ తమిళ కుర్రాడూ, ఓ తెలుగమ్మాయీ ప్రేమించుకుంటారు.” అంతే! అదే సరైన వేగం. దూరపు పరుగుకి ప్రపంచమంతటా పరుగువాళ్ళు నమ్మే కొలమానం ఇదే. ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే సరిగ్గా పరిగెత్తుతున్నట్టు. ఒక్కొక్క మాటా ఊడిపడుతుంటే హద్దు మీరినట్టు.

లెక్క కావాలా? మారథాన్ నాలుగున్నర గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు పడాలి. సాధనలో చేసే దూరపు పరుగు అంతకంటే ఓ నిమిషం అటూఇటుగా నెమ్మదిగా వుండాలి. అందుకని మేం ఏడున్నర నిమిషాలకో కిలోమీటరు పెట్టుకున్నాం. మొదటి మజిలీలో నీళ్ళిస్తూ, “బావా, ఇది పరుగా, పెళ్ళి ఊరేగింపా?” అని నవ్వాడు బావమరిది.

నవ్వనివ్వండి! మన ఒంట్లో పిండిపదార్థపు నిల్వ పరిమితం. వేగం పెంచినకొద్దీ అది కర్పూరంలా హరించుకుపోతుంది. చాలామందికి ముప్ఫయ్యో కిలోమీటరు ప్రాంతంలో కొట్టు ఖాళీ! నెమ్మదిగా పోతే ఒళ్ళు కొవ్వుని కూడా బాగా వాడుకుంటుంది, నిల్వ పదిలంగా వుంటుంది. గుండె, కండరాలు, కీళ్ళు దూరానికి అలవాటుపడతాయి, మర్నాడు మంచం పట్టే పని వుండదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యులు ఆక్లాండ్ దగ్గరి కొండదారుల్లో వారం వారం దూరాలు పరిగెత్తేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ శిష్యుల్లో స్నెల్ 800 మీటర్లలోనూ, హాల్‌బర్గ్ 5000 మీటర్లలోనూ బంగారు పతకాలు కొట్టారు. గమ్మత్తేమిటంటే స్నెల్ పరుగు రెండు నిమిషాలైనా పట్టదు!

నెమ్మదిగా పోతే ఏం కనబడుతుంది?

తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు పైకెక్కుతుంది. ఎడమన కైలాసగిరి, కుడిన సముద్రం. 2020 అక్టోబరులో ఓ బంగ్లాదేశ్ ఓడ తుఫాను గాలికి కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది ఇక్కడే. ఎత్తు మీద వేగం నిలబెట్టుకోవాలని చూడకండి. గడియారాన్ని కాదు, ఊపిరిని చూడండి. కథ ఆగిపోతే అడుగులు చిన్నవి చెయ్యండి. ఇసకలో దిగినా, ఎదురుగాలి కొట్టినా ఇదే సూత్రం.

జోడుగుళ్ళపాలెంలో పడవలు దాటాం. సాగర్‌నగర్ దాటి ఋషికొండ వచ్చేసరికి తూరుపు ఎర్రబారింది. కారులో పోయేవాడికి ఋషికొండంటే బోర్డు, పార్కింగ్. మాకు మాత్రం అలల చప్పుడు మారడం కూడా తెలిసింది. కాస్సేపటికి సముద్రంలోంచి సూర్యుడు మా కుడి భుజం మీదికి లేచాడు.

కొండల మీద రామానాయుడు స్టూడియో వుంది. సినీ ప్రియులు ఓ నమస్కారం పెట్టి సాగాలి. ఇంకో కొండ తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. రెండువేల ఏళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా నిలిచేందుకు కట్టుకున్న ఆరామాలున్నాయక్కడ. సముద్రం కనబడే చోటు ఏరుకోవడంలో వాళ్ళు మన డైరెక్టర్లకేం తీసిపోలేదు!

ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, నీరూ, ఇసకా కలిసి వేలవేల ఏళ్ళు చెక్కిన సెట్టింగు! నీలి సముద్రం పక్కన ఎర్రటి గుట్టలూ, లోయలూ. పోయినేడాది ఇంత దూరానికి మిత్రుడికి రోడ్డు తప్ప ఏమీ కనబడలేదట. ఇవాళ తల తిప్పి చూశాడు. “ఎన్నేళ్ళ నించి వస్తున్నానురా అత్తవారింటికి! ఇది ఇలా వుంటుందని ఇవాళే తెలిసింది” అన్నాడు. పూర్తి వాక్యం! ఆయాసం లేదు. నాకు ధైర్యం వచ్చింది.

చివరి మూడు కిలోమీటర్లకి “ఇప్పుడు కాస్త పెంచుకో” అన్నాను. సినిమాకి లాగే పరుగుకీ సెకండాఫ్ ముఖ్యం. మొదటి రీలులోనే ఫైట్లన్నీ పెట్టేస్తే క్లైమాక్స్‌కి ఏం మిగులుతుంది? కిలోమీటరు ఏడు నిమిషాలకి దిగింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిలో, డచ్చివాళ్ళు ఒకప్పుడు వర్తకం చేసిన ఆ పాత ఊళ్ళో, ఎనిమిదింపావుకి అడుగుపెట్టాం.

పిల్లలు అప్పటికే ఇసకలో వున్నారు. చిన్నవాడు ఎదురొచ్చి చివరి యాభై గజాలూ తండ్రితో పరిగెత్తాడు. ఈసారి ఓడిపోయావా అని అడగలేదు. అత్తగారు క్యారియరు విప్పుతూ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. ఎర్రమట్టి దిబ్బల గురించి అతను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, “ఇంత దూరం పరిగెత్తినా మాటలు బాగానే వస్తున్నాయే!” అంది. ఆవిడకి తెలీకుండానే ఫస్ట్ క్లాస్ మార్కులు వేసేసింది!

మీరూ వెళతారా?

అయితే వినండి. ప్రయాణం చేసిన మర్నాడే దూరపు పరుగు పెట్టుకోకండి. ముందు రాత్రి గారెలకి దణ్ణం పెట్టి, అన్నం తినండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నరకి. వేసవిలో అయిదున్నరకి ముందే. ఈ దారిలో చాలాచోట్ల నీడ లేదు, ఉక్క ఎక్కువ, చెమట ఆరదు. కాబట్టి వేసవిలో వేగం ఇంకా తగ్గించండి. చీకట్లో లేత రంగు బట్టలు వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్క పరిగెత్తండి. భీమిలి వెళ్ళేటప్పుడు అది సముద్రం పక్క కూడా! కొత్త ఊళ్ళో కిలోమీటర్లు లెక్కపెట్టలేకపోతే గంటలు లెక్కపెట్టండి. ఛాతీలో నొప్పిగానీ, కళ్ళు తిరగడంగానీ వుంటే అక్కడే ఆగిపోండి, డాక్టరుకి చూపించుకోండి. అలవాటు లేనివాళ్ళకి పాతిక వొద్దు. ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నించి అరగంట చాలు.

సినిమా కథొకటి మాత్రం తప్పకుండా సిద్ధంగా వుంచుకోండి. ఎంత దూరం పరిగెత్తారో తర్వాత చూసుకోవచ్చు. కథ పూర్తిగా చెప్పగలిగారా లేదా, అదీ లెక్క!