తెర వెనుక పనివారు

పొద్దు గ్రుంకిన తరువాత ఉంగుటూరు దగ్గర ఏలూరు కాలువ గట్టున నడిచేవారికి ఒక్కొక్కప్పుడు చేత టార్చిలైటుతో లస్కరు ఎదురుపడతాడు. తూము తలుపు ఎంత ఎత్తవలెనో, ఎంత దించవలెనో చూచుకొనిపోవడం అతని పని. 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేయించిన కాటన్ దొరకు ఈ డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నవి. లస్కరుకు విగ్రహం లేదు. చేలు తడుస్తున్నంతకాలం అతని పేరు ఎవరికీ గుర్తురాదు. నీరు రానినాడు మాత్రం అందరూ అతనినే వెదకుతారు. సైన్యమని అర్థమిచ్చే ఫారసీ ‘లష్కర్’ నుండి ఈ మాట వచ్చినది. ‘ఉర్దూ’ అన్న పేరు కూడ సైన్యపు విడిదిని తెలిపే తుర్కీ మాటయే గదా!

తెలుగు ఎం.ఏ. చదివిన మాకు కాలువ లస్కరును చూచినప్పుడెల్ల ఇటీవల కంప్యూటరు గుర్తుకు వస్తున్నదంటే విద్యార్థులు నవ్వవచ్చును. దానికొక కారణమున్నది. మన కళాశాల పాత వార్షిక సంచికలను, ఉర్దూ పుటలతోను తెలుగు పుటలతోను సహా, కంప్యూటరులోనికి ఎక్కించే బాధ్యత మా మీద పడినది. పుటల చిత్రాలను చదివి అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే సాధనాన్ని సర్వరులో నడుపవలసి వచ్చినది. ఆ సర్వరులో మౌసుతో నొక్కే బొమ్మలుండవు. నల్లని తెర, దానిపై మన ఆజ్ఞకై ఎదురుచూసే చిన్న గీత, అంతే.

ఒకనాటి రాత్రి ఇంటినుండియే సర్వరుతో సంబంధం కలుపుకొని, పని ప్రారంభించి, నిశ్చింతగా నిద్రపోయినాము. నడిరాత్రి కరెంటు పోయినది. ఉదయం చూడగా పని నడుమనే నిలిచిపోయి ఉన్నది. సర్వరుకు కరెంటు పోలేదు. పోయినది మా ఇంటిలోనే. అయినను పని ఎందుకు ఆగవలెను? వెనుకటి రోజులలో కంప్యూటరుతో టెలిఫోను తీగపై మాట్లాడేవారు. ఫోను పెట్టివేయగానే, ‘నీ యజమాని వెళ్లిపోయినాడు’ అని అతడు ప్రారంభించిన పనులకు ఒక సంకేతం అందేది. దాని పేరు ‘హ్యాంగప్’. ఆ ఆచారం నేటికీ పోలేదు. ఆ సంకేతాన్ని వినిపించుకోవద్దని చెప్పే ఆజ్ఞ ‘నోహప్’. దానితో మొదలుపెట్టిన పని మనం వెళ్లిపోయినను సాగుతుంది.

కాని ప్రతినిత్యం జరుగవలసిన పనికి ఈ ఉపాయం చాలదు. యంత్రం లేచినప్పుడు తానుగా లేచి, పడిపోయినచో మరల లేచి, ఎవరున్నను లేకున్నను పనిచేసే నౌకరు కావలెను. అటువంటి నౌకరును ‘డీమన్’ అంటారు. దయ్యమని భయపడనక్కరలేదు. 1867లో మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త, వాయువులోని వేగపు అణువులను, మందపు అణువులను వేరుచేస్తూ ఒక చిన్న తలుపు దగ్గర కాపలా కాచే భూతాన్ని ఊహించినాడు. 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కంప్యూటరు పరిశోధకులు ఆ పేరునే తెర వెనుక పనులకు పెట్టినారు. తలుపు దగ్గర నిలిచి వేటిని పోనీయవలెనో చూచేవాడు మా లస్కరు కాక మరెవరు! 2010లో వెలువడిన ‘సిస్టమ్‌డీ’ నేడు అనేక లినక్సు యంత్రాలలో ఈ నౌకరులందరికీ మేస్త్రీ. యంత్రంలో ఒకటవ సంఖ్యగల ప్రక్రియ అదియే. తల్లి ప్రక్రియ ముందుగా మరణించినచో అనాథ అయిన పిల్ల ప్రక్రియను సాధారణంగా అదియే చేరదీస్తుంది.

ఇక మా తప్పు చెప్పవలెను. ఉర్దూ పుటలలోని నస్తలీఖు వ్రాతను యంత్రం సరిగా చదువలేకపోయినది. కొల్లేటి పక్షులను, వలలను గురించి ఒక పూర్వ విద్యార్థి వ్రాసిన వ్యాసమైతే మరీ మసకబారి ఉన్నది. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉర్దూ ఉస్తాద్‌గారిని ప్రార్థించినాము. ఆయన చూపు మందగించినది. అయినను భూతద్దం పట్టుకొని మూడు సాయంత్రాలు ఒక్కొక్క మాటే చదివి వినిపించగా మేము ఎక్కించినాము. మేము అమర్చుకొన్న దిద్దుబాటు సేవ ఆ మాటలను తన జ్ఞాపకంలోనే ఉంచుకొని, ముగించమన్నప్పుడు మాత్రమే డిస్కులో వ్రాసేది. అట్లు అమర్చినది మేమే.

మూడవ సాయంత్రం సర్వరు మందగించినది. ‘టాప్’ అనే ఆజ్ఞతో చూడగా ఆ సేవయే పైవరుసలో ఉన్నది. ప్రక్రియను ఆపుటకు ‘కిల్’ అనే ఆజ్ఞ ఉన్నది. మామూలుగా అది 15వ సంకేతం పంపుతుంది. ‘పని సర్దుకొని సెలవు తీసుకో’ అని దాని భావం. 9వ సంకేతమైతే ప్రక్రియకు వినబడనే వినబడదు. ఉన్నపళంగా ప్రాణం తీస్తుంది. తొందరలో మేము 9 కొట్టినాము. సేవ మాయమైనది. మూడు సాయంత్రాలు దానితోపాటు పోయినవి.

‘జర్నల్‌సీటీఎల్’ అనే ఆజ్ఞతో చిట్టా తెరిచినాము. మన భుజాలపై కూర్చుండి మంచిచెడులు వ్రాసే కిరామన్ కాతిబీన్‌వలె, ఆ సేవ 9వ సంకేతంతో చంపబడినదని గంటా నిమిషాలతో అందులో వ్రాసి ఉన్నది. చంపినదెవరో అందులో లేదు. అది మాకు తెలియును.

ఉస్తాద్‌గారి ఇంటికి వెళ్లి నిజం చెప్పినాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “కాగితం ఉన్నది గదా బేటా, తీసుకురా” అన్నారు. మరల చదివినారు. కాని మొదటిసారి ఆయన పోల్చిన నాలుగు మాటలు రెండవసారి ఆ కంటికి అందలేదు. అవి కొల్లేటి పక్షుల పేర్లో, వలల పేర్లో మాకు గుర్తులేదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకు ఎక్కినది. ఆ నాలుగు మాటలను మాత్రం మేము కాపాడలేకపోయినాము.

ఇప్పుడు ప్రతి మాటను అప్పటికప్పుడే డిస్కులో వ్రాయిస్తున్నాము. ఏ సేవనైనను ఆపవలసివస్తే ముందు దాని స్థితి అడిగి, పిదప 15వ సంకేతమే పంపి, కొంత ఓపిక పడుతున్నాము. కంప్యూటరు నేర్చే మన విద్యార్థులు 9 అంకెపై వ్రేలు వేయకముందు, ఆ పని చేతిలో ఎవరి శ్రమ ఉన్నదో ఒక్క నిమిషం విచారింతురుగాక!

ఆ వ్యాసం ఇప్పుడు సర్వరులో ఉన్నది. నాలుగు చోట్ల చుక్కలు పెట్టినాము. ఆ పాత సంచిక మరొక ప్రతి చదువరులలో ఎవరి ఇంటనైనను ఉన్నచో, దయచేసి తీసుకొనిరావలెనని ప్రార్థన. ఉస్తాద్‌గారు అడుగుతూనే ఉన్నారు.