ఉపరింగ్‌కి దిగని పరిమితత్వం

ఒక రింగ్ మీద మరో రింగ్ పరిమితమని రెండు రకాలుగా చెప్పొచ్చు: కొన్ని మూలకాలను కూడుతూ గుణిస్తూ పోతే మొత్తం రావడం ఒకటి, మాడ్యూల్‌గానే కొన్ని మూలకాలు సరిపోవడం రెండోది. మొదటిదాన్ని ఒంటరిగా నమ్మలేం. పూర్ణాంకాలకు 1/2 చేర్చి చూడండి: ఆల్జీబ్రాగా ఒక్క జనకం చాలు, మాడ్యూల్‌గా ఎన్ని తెచ్చినా చాలవు, హారంలో 2 ఘాతం పెరుగుతూనే ఉంటుంది. అదే √2 చేర్చితే 1, √2 చాలు. దాని వర్గం మళ్లీ పూర్ణాంకమే మరి.

పెద్ద రింగ్ నోథేరియన్ అయితే దాని ఉపరింగ్‌కి పరిమిత జనకాలు ఉండడానికి సరిపోదా అంటారు. సరిపోదు. ఫీల్డ్ మీద ఎక్స్, వై అనే రెండు చరరాశుల బహుపదుల రింగ్ ఎంత సాధువో తెలిసిందే. అందులోనే ఎక్స్‌ని వై ఘాతాలన్నిటితో గుణిస్తే వచ్చే ఏకపదులు పుట్టించే ఉపరింగ్‌కి పరిమిత జనకాలు లేవు. ఇన్వేరియంట్ల రింగ్‌కి ఎప్పుడూ పరిమిత జనకాలుంటాయా అని అడిగే హిల్బర్ట్ 14వ సమస్యకు 1959లో నగాటా ఇచ్చిన ప్రతికూల ఉదాహరణ దెబ్బకొట్టింది ఇలాంటి నమ్మకాన్నే. పరిమిత గ్రూపు ఇన్వేరియంట్లకు ఆ భయం లేదు: ప్రతి బహుపదీ ఇన్వేరియంట్ గుణకాలున్న మోనిక్ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది కాబట్టి పెద్ద రింగ్ చిన్నదాని మీద మాడ్యూల్‌గా పరిమితం, అలాంటప్పుడు పెద్దదానికి ఫీల్డ్ మీద ఆల్జీబ్రాగా పరిమిత జనకాలుంటే చిన్నదానికీ ఉంటాయని చెప్పే ఆర్టిన్–టేట్ లెమ్మాది మిగతా పని. మాడ్యూల్‌గా పరిమితం కావాలన్న షరతు మరీ కఠినం, ఫీల్డ్ మీద బహుపదుల రింగే ఇమడదు కదా? నిజమే. కానీ నోథర్ నార్మలైజేషన్ ప్రకారం, ఫీల్డ్ మీద పరిమిత జనకాలున్న ఏ శూన్యేతర ఆల్జీబ్రా అయినా ఏదో ఒక బహుపది రింగ్ మీద మాడ్యూల్‌గా పరిమితమే.