తిరువూరు నుంచి బీరు తిరనాళ్ళకు

బీరు అన్న మాట కనపడగానే పేజీ తిప్పేయకండి అక్కయ్యలూ! వంటల పేజీ పక్కన ఈ తాగుడు గోలేమిటని మీరు అనుకోవడం సహజమే. మా తిరువూరులో పక్కింటి పిన్నిగారు కూడా "అంత దూరం వెళ్ళి చూడ్డానికి గుడీ గోపురం దొరకలేదా నీకు?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నేను వెళ్ళింది తాగడానికి కాదు, ఒక తల్లికి తోడుగా. ఆ తల్లి నా చిన్ననాటి నేస్తం.

మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం కోసం తను జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్ళిపోయింది. 2023 ఎండాకాలంలో ఓ రాత్రి ఫోన్ చేసింది. "ఏమే, మావాడికి పదహారు నిండాయి. ఇక్కడ పదహారేళ్ళకే బీరు కొనుక్కోవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. క్లాసు పిల్లలంతా బీరు పండుగకు వెళ్తారట, నన్నూ పంపమంటున్నాడు. పంపనా, వద్దా?" అని.

మన ఆంధ్రలో 21 ఏళ్ళు నిండందే మందు అమ్మకూడదు. అక్కడ బీరుకీ వైనుకీ 16, ఘాటు సారాలకి 18. ఇంకా చిత్రం ఏమిటంటే, తల్లో తండ్రో పక్కన ఉంటే 14 ఏళ్ళకే బీరు తాగొచ్చు!

వద్దని ఒక్క మాట చెబితే సరిపోదా అంటారేమో. నా నేస్తం సంగతి మీకు తెలియదు. వాళ్ళ నాన్న మంచివాడే, సారా తాగనప్పుడు. రెండెకరాల మామిడి తోట ప్యాకెట్ సారాకే కరిగిపోయింది. వాళ్ళమ్మ పోపులడబ్బాలో మెంతుల కింద పది రూపాయలు దాస్తే ఆ మెంతులు నేలపాలయ్యేవి. ఇంత వయసొచ్చినా ఆ వాసన తగిలితే దాని చేతులు వణుకుతాయి. "వద్దంటే నీకేం తెలుసమ్మా అంటాడే. నిజమేగా, నాకేం తెలుసు? నువ్వు రా, ఇద్దరం చూద్దాం. రుచీ చూద్దాం. ఆ తర్వాత చెప్తాను వాడికి" అంది. నా చీటీ డబ్బులకు మావారు మరికొంత కలిపి టికెట్టు కొన్నారు. "బీరు తాగడానికి భార్యని జర్మనీ పంపిన మొగుణ్ణి నేనొక్కణ్ణే" అని ఊరంతా చెప్పుకున్నారనుకోండి!

కరువులోంచి పుట్టిన పండుగ

మొదట చూసింది స్టుట్‌గార్ట్‌లోనే, నెక్కార్ నది ఒడ్డున జరిగే కాన్‌స్టాట్ పండుగ. దూరం నుంచి చూస్తే అచ్చం మన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్ళే. రంగులరాట్నాలు, బొమ్మల కొట్లు, పీచుమిఠాయి, తప్పిపోయిన పిల్లల ఏడుపులు. మధ్యలో 20 మీటర్లకు పైనే ఎత్తున్న స్తంభం, దానికి పళ్ళూ కూరగాయలూ ధాన్యం కంకులూ అలంకరించి ఉన్నాయి. బీరు పండుగలో కూరగాయల స్తంభం ఎందుకా అనుకున్నాను.

దాని కథ వింటే మీరూ ఆశ్చర్యపోతారు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద, పొగ ఆకాశాన్ని కమ్మేసి, మరుసటి ఏడు ఐరోపాలో ఎండాకాలమే రాలేదట. పంటలు కుళ్ళిపోయి, జనం ఆకలితో అల్లాడారు. ఎక్కడి కొండ, ఎక్కడి కరువు చూడండి! కాస్త పంట చేతికొచ్చాక, 1818లో ఆ రాజ్యపు రాజు విల్‌హెల్మ్, రాణి కతరీనా రైతుల కోసం ఈ పండుగ మొదలుపెట్టారు. మంచి పశువులకి బహుమతులిచ్చి, కొత్త పనిముట్లు చూపించేవారు. పంటకు గుర్తుగా ఆ స్తంభం నిలబెట్టారు. బీరు డేరాలు తర్వాత పెరిగినవి.

ఆ రాణిగారు ఇంకో పని కూడా చేసింది. అదే 1818లో పేదవాళ్ళు నాలుగు డబ్బులు దాచుకోవడానికి ఒక పొదుపు బ్యాంకు పెట్టించింది, ఆడపిల్లలకు బడి పెట్టించింది. మరుసటి సంవత్సరం జనవరిలోనే, ముప్పై ఏళ్ళు దాటగానే, కన్నుమూసింది పాపం. ఇది చెప్పినప్పుడు నా నేస్తం ఏమీ మాట్లాడలేదు. పోపులడబ్బా గుర్తొచ్చిందని నాకు తెలుసు.

అక్కడి తిండి గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరుగా! ష్పెట్స్‌లే అని ఒకటుంది. గుడ్డు కలిపిన జారు పిండిని మన జంతికల గొట్టం లాంటి దాంట్లోంచి మరిగే నీళ్ళలోకి ఒత్తుతారు. ఉడికి పైకి తేలగానే తీసి, చీజు తురుము, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు కలిపి పెడతారు. పంచదార పాకంలో వేయించిన బాదం పప్పులైతే మన జీడిపాకానికి అక్కచెల్లెళ్ళు. ఒక పొట్లం పిల్లలకని కొని, దారిలోనే ఖాళీ చేశాం.

ఇది కూడా వంటింటి పనే

రెండు రోజుల తర్వాత రైలెక్కి మ్యూనిక్ వెళ్ళాం. పండుగకు ముందు ఊళ్ళోని ఒక బీరు హాల్లో చిన్న గ్లాసుల్లో మూడు రకాలు తెప్పించింది. అక్కడ ముసలివాళ్ళు పేకాడుకుంటున్నారు, ఒక కుటుంబం మనవరాలితో సహా భోంచేస్తోంది. మమ్మల్ని ఎవరూ తేరిపార చూడలేదు.

బీరు తయారీ వింటే మనకు కొత్తేం కాదనిపిస్తుంది. బార్లీ గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మరపట్టిస్తారు. మనం పసిపిల్లలకు రాగిమాల్టు చేసేది అలాగే కదా! దాన్ని వేడినీళ్ళలో కలిపి, ఆ తీపి నీళ్ళు వడకట్టి, హాప్స్ అనే పువ్వులు వేసి మరిగిస్తారు. హాప్స్ కాకరపాదులా పందిరికి పాకే తీగ. దాని ఆకుపచ్చని మొగ్గల్లాంటి పూలవల్లే చేదు. చల్లారాక ఈస్టు వేసి పులియబెడతారు. 1516లోనే అక్కడి దొర ఒకాయన బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరోటి కలపకూడదని చట్టం చేశాడు. ఈస్టు పేరు అందులో లేదు, ఎందుకంటే అదేమిటో అప్పటికి తెలియదు. దోసెల పిండి ఎందుకు పొంగుతుందో తెలియకుండానే మన నాయనమ్మలు దోసెలు పోయలేదూ? పూర్వం అక్కడ బీరు కాయడం ఆడవాళ్ళ ఇంటిపనుల్లో ఒకటి. మార్టిన్ లూథర్ అనే పెద్ద మతగురువు ఇంట్లో బీరు కాచింది ఆయన భార్యేనట.

రుచి అంటారా, ఒక్కోటి రెండేసి గుటకలు చూశాం. లేత పసుపుది మొదట రొట్టె వాసన, తర్వాత ఉగాది పచ్చట్లో వేపపువ్వు తగిలినట్టు చేదు. నల్లది కొంచెం మాడిన కాఫీ డికాషన్‌లా ఉంది. గోధుమతో చేసిన మబ్బురంగుది ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండూ లవంగమూ కలిసిన వాసన. నాకు ఏదీ మళ్ళీ తాగాలనిపించలేదు. నా నేస్తం గ్లాసు పట్టుకున్న చెయ్యి మొదట వణికింది. మూడో గ్లాసుకి ఆగింది. "ఇదేనా! ఇంతేనా!" అని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది.

డేరాల్లో రెండు వైపులూ

మర్నాడు అసలు పండుగ, అక్టోబర్‌ఫెస్ట్. 1810లో బవేరియా యువరాజు లుడ్‌విగ్, తెరేసె అనే రాకుమారి పెళ్ళి సంబరాల నుంచి వచ్చిందిది. అందుకే ఆ మైదానానికి ఇప్పటికీ పెళ్ళికూతురి పేరే. పేరు అక్టోబరు అయినా సెప్టెంబరులోనే మొదలవుతుంది. మ్యూనిక్ నగరంలోని ఆరు కంపెనీల బీరే అక్కడ పోస్తారు. ఒక్కో గ్లాసు లీటరు. మేము వెళ్ళిన ఏడు దాని ధర పన్నెండున్నర యూరోలకు పైనే, మన డబ్బులో పదకొండు వందల పైచిలుకు! గుండె గుభేలుమంది. నేను నిమ్మరసం తాగాను, అదీ ఖరీదే.

వడ్డించే ఆడవాళ్ళను చూసి దణ్ణం పెట్టాలనిపించింది. గ్లాసు బరువే కిలో పైన, అలాంటివి పది నిండుగా ఒకేసారి గుండెలకు ఆనించుకుని జనంలోంచి దూసుకుపోతారు. అక్కడి ఆడవాళ్ళు వేసుకునే సంప్రదాయపు గౌనుకు ముందు ఏప్రాన్ ఉంటుంది. దాని ముడి ఎడమవైపు ఉంటే పెళ్ళికానట్టు, కుడివైపు ఉంటే అయినట్టు అని చెబుతారు. మనకు మెట్టెలున్నట్టన్నమాట.

మధ్యాహ్నం దాకా అంతా ముచ్చటగా ఉంది. భార్యాభర్తలు, తాతలు, పసివాళ్ళు ఒకే బల్ల మీద. చీకటి పడ్డాక అసలు రంగు కనపడింది. బల్లలెక్కి అరుపులు, గడ్డి మీద ఒళ్ళు తెలియకుండా పడున్న కుర్రాళ్ళు, పసుపు తెర కప్పిన స్ట్రెచర్లు. ఆ మైదానంలోనే, ఆపదలో పడిన ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ సాయం చేసే చోటొకటి ఏర్పాటు చేశారు, 2003 నుంచీ ఉందట. అది ఉన్నందుకు సంతోషం. అవసరం పడింది కనకే కదా పెట్టారు! అందుకని "విదేశీయులు పద్ధతిగా తాగుతారు, మనవాళ్ళకే చేతకాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

పోపులడబ్బా నుంచి పొదుపు దాకా

తిరుగు రైల్లో నా నేస్తం అడిగింది. "మా అమ్మ ఒక్కసారైనా నాన్న పక్కన బల్ల మీద కూర్చుందా? ఆయన ఎంత తాగాడో, ఎంత ఖర్చు చేశాడో అడిగే హక్కు దానికి ఉందా?" అని. నిజమే. అక్కడ తాగేది నలుగురి ముందు, బిల్లు చూసేది ఇద్దరూ. ఇక్కడ తాగేది చీకట్లో, బిల్లు కట్టేది మాత్రం ఇల్లాలు.

మీకు గుర్తుందా, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు మూయించారు. రోశమ్మగారి పేరు అప్పుడు ఊరూరా మోగింది. ఆ గాలి మావైపూ వీచింది. మేమప్పుడు ఏడో తరగతి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. నిషేధం నిలవలేదు కానీ ఒకటి నిలిచింది. ఆ నెల్లూరు ఆడవాళ్ళే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఇవాళ ఊరూరా ఉన్న డ్వాక్రా సంఘాలకు అది పెద్ద ఊతం. రాణి కతరీనా బ్యాంకూ, మన రోశమ్మల రూపాయీ ఒక్కటే చెబుతున్నాయి. ఇల్లాలి చేతిలో డబ్బుంటే ఆ ఇల్లు తూలినా పడిపోదు.

ఇంటికెళ్ళాక నా నేస్తం కొడుకుని కూర్చోబెట్టింది. కథంతా చెప్పింది, మామిడి తోటతో సహా. వాడికి తాతగారి సంగతి అప్పటిదాకా తెలియదు. "నువ్వు పండక్కి వెళ్ళు. పగలు వెళ్ళు, మీ నాన్నతో వెళ్ళు. మద్యం ఎంత తక్కువైనా మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జనవరిలోనే చెప్పింది. అందుకని నా మాట, పద్దెనిమిది దాకా ముట్టుకోవద్దు. తర్వాత నీ ఇష్టం, కానీ నాతో దాచొద్దు" అంది. వాడు కాసేపు తల దించుకుని, "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్న మీకోసమే మోసుకొచ్చాను చెల్లెళ్ళూ. మన ఇళ్ళల్లో తాగుడు వల్ల పోయిన తోటలు, తాకట్టు పడిన నగలు, తిన్న దెబ్బలు ఉంటాయి. పరువు పోతుందని పిల్లల దగ్గర దాస్తాం. వాళ్ళేమో సినిమాల్లో చూసి అదేదో సరదా అనుకుంటారు. మీ అబ్బాయికి మీసాలు మొలకెత్తేలోపే, ఏ ఆదివారమో అన్నం వడ్డిస్తూ ఆ కథ చెప్పండి. తిట్టకుండా, ఏడవకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆడపిల్లకైతే ఇంకో మాట కలపండి, తన పేరున ఓ బ్యాంకు పుస్తకం ఉండాలని.